తొడ వెనుక బిగువు – వంగి నమస్కరించడానికి ఒక సాధన



మా చివ్వెంల మండలంలోని దురాజ్‌పల్లి వద్ద, హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి పక్కనే పెద్దగట్టు ఉన్నది. రెండేళ్లకు ఒకసారి మాఘమాసంలో అక్కడ శ్రీ లింగమంతుల స్వామి, చౌడమ్మ తల్లి జాతర జరుగుతుంది. కేసారం నుండి దేవరపెట్టె గట్టుకు చేరుతుంది. గజ్జెల లాగులు ధరించిన యాదవ సోదరులు భేరీల మోతకు అడుగులు వేస్తూ, 'ఓ లింగా' అని పిలుస్తూ గట్టు ఎక్కుతారు. గంప నెత్తిన పెట్టుకున్న తల్లులు వారి వెంట నడుస్తారు. ఆ దృశ్యం చూసినవారికి మనిషి కాళ్ళకు ఎంత పని ఉన్నదో వేరుగా చెప్పనక్కరలేదు.

2025 ఫిబ్రవరి 16 నుండి 20 వరకు జరిగిన జాతరలో నేనూ గట్టు ఎక్కాను. ఎక్కడం కష్టం కాలేదు. సన్నిధిలో వంగి నేలను తాకబోయినప్పుడు మాత్రం చేతులు మోకాళ్ళ దిగువన ఒక జానెడు దూరం దాటలేదు. తొడ వెనుక భాగం తాడులా బిగిసిపోయింది. ముప్పై ఏళ్ళు పాఠశాలలో పిల్లలచేత వ్యాయామం చేయించిన ఉపాధ్యాయుణ్ణి నేను. ఆ క్షణంలో నాకు కలిగిన సిగ్గు ఈ వ్యాసానికి ఒక కారణం. రెండవ కారణం అంతకంటే పెద్దది. దానిని ముందుగా చెప్పుకోవాలి.

ఒక ఒప్పుకోలు

ఉద్యోగంలో ఉన్న రోజులలో పిల్లలను వరుసగా కూర్చోబెట్టి, కాళ్ళు చాపించి, 'ఒకటి, రెండు, మూడు' అని లెక్కపెడుతూ బొటనవ్రేళ్ళను అందుకోమనేవాణ్ణి. అందనివారి వీపు మీద చేయి వేసి కిందికి నొక్కేవాణ్ణి. అదే శిక్షణ అనుకున్నాను. ఒక సంవత్సరం మండల క్రీడలకు ముందు, బాగా పరుగెత్తే ఒక పిల్లవాడిని అలాగే నొక్కాను. తొడలో ఏదో 'టప్'మన్నదని వాడు అన్నాడు. నేను మందు రాసి, గట్టిగా మర్దన చేసి, మరునాడు పరుగెత్తించాను. వాడు ఆ పోటీలలో పాల్గొనలేదు. తరువాత మైదానానికి రావడమూ మానుకున్నాడు. వాడికి పట్టుదల లేదని నలుగురిలో అన్నాను.

ఆ పిల్లవాడే, ఇప్పుడు ఇద్దరు బిడ్డల తండ్రి, జాతరనాడు గట్టు దిగుతూ నాకు ఎదురుపడ్డాడు. కాళ్ళకు దండం పెట్టి, లేస్తూ తొడ పట్టుకున్నాడు. "అప్పుడు పట్టింది సార్, ఇప్పటికి గూడ దూరం నడిస్తె గుంజుతది" అన్నాడు. ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీరు అడగకపోతిరి, నేను చెప్పకపోతిని" అని నవ్వాడు. ఆ నవ్వులో నిష్ఠూరం లేదు. అందువల్లనే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తరువాత సూర్యాపేటలో ఒక ఫిజియోథెరపిస్టు వద్ద కూర్చుని, నేను నేర్పినదానిలో తప్పేమిటో నేర్చుకున్నాను. నేర్చినదానిని నా ఒంటి మీదనే పరీక్షించుకున్నాను. ఆ పాఠమే ఇది.

ఆ కండరాలు ఏవి?

తొడ వెనుక మూడు కండరాలు ఉన్నాయి. వాటిని ఆంగ్లవైద్యంలో హామ్‌స్ట్రింగ్స్ అంటారు. మనం పీట మీద కూర్చున్నప్పుడు నేలకు ఆనే ఎముకలు రెండు ఉంటాయి. ఈ కండరాలు ఆ ఎముకల వద్ద మొదలై, మోకాలు దాటి, ముంగాలి ఎముకల పైభాగంలో అతుక్కుంటాయి. ఒక కండరంలోని చిన్న పాయ మాత్రం తొడ ఎముక నుండే పుడుతుంది. మోకాలి వెనుక రెండు ప్రక్కలా తాళ్ళలా చేతికి తగిలేవి వీటి స్నాయువులే.

తుంటి, మోకాలు అనే రెండు కీళ్ళను ఇవి దాటుతాయి. మోకాలిని ముడిచేది, తొడను వెనుకకు లాగేది ఇవే. కాబట్టి మోకాలు చాచి ముందుకు వంగినప్పుడు రెండు వైపులా ఒకేసారి సాగవలసి వస్తుంది. వాకిట్లో వంగి ముగ్గు వేసే తల్లికి, పొలంలో వంగి నాటు వేసే కూలీకి, పెద్దల పాదాలను తాకే భక్తునికి ఇక్కడే పరీక్ష. ఇవి సాగనప్పుడు కటిభాగం ముందుకు తిరగదు. ఆ లోటును నడుము తీర్చవలసి వస్తుంది. వెన్ను అతిగా గుండ్రంగా వంగుతుంది.

పద్మాసనం వేయలేకపోవడానికి మాత్రం ప్రధాన కారణం ఈ కండరాలు కావు. అక్కడ మోకాళ్ళు ముడిచి ఉంటాయి కనుక ఇవి కొంత వదులుగానే ఉంటాయి. ఆ ఇబ్బంది ఎక్కువగా తుంటి కీలు తిరగకపోవడం వల్ల వస్తుంది. ఒక దోషానికి మరొక చికిత్స చేయకుండా ఉండడానికి ఈ భేదం తెలిసి ఉండాలి.

కండరమా? నరమా? ఎముకా?

మన ప్రాంతంలో ఏది పట్టినా "నరం గుంజుతున్నది" అంటారు. సాధన మొదలుపెట్టే ముందు ఈ మూడింటినీ వేరు చేసుకోవాలి.

వెల్లకిల పడుకుని ఒక కాలును నేలపై చాపి ఉంచండి. రెండవ కాలును మోకాలు వంచకుండా మరొకరు నెమ్మదిగా పైకి ఎత్తాలి. నిలువు గోడవలె లేస్తే 90 డిగ్రీలు. చాలామందికి 70 నుండి 90 డిగ్రీల మధ్య ఆగుతుంది. అంతకంటే ముందే ఆగి, తొడ మధ్యలో మొద్దుగా బిగువు తెలిస్తే అది కండరం.

కాలు కొంత లేవగానే పిరుదు నుండి మోకాలు దాటి పాదం వరకు మెరుపులా నొప్పి పాకితే, తిమ్మిరి కలిగితే, పాదాన్ని మీ వైపు వంచినప్పుడు అది ఎక్కువైతే, అది నడుము నుండి వచ్చే నరం బాధ కావచ్చు. దానిని బలంగా సాగదీస్తే పెరుగుతుంది. వైద్యునికి చూపించాలి. కాలు బలం తగ్గినా, తొడల నడుమ స్పర్శ పోయినా, మలమూత్రాలపై అదుపు తప్పినా ఆలస్యం చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

మూడవది ఎముక. ఉమ్మడి నల్గొండ జిల్లా ఎన్నో ఏళ్ళు ఫ్లోరైడు నీటితో బాధపడింది. ఫ్లోరోసిస్ వల్ల వెన్నెముక, కీళ్ళు గట్టిపడినవారు మన ఇళ్ళలో ఉన్నారు. వారు వంగలేకపోవడం బద్ధకం వల్ల కాదు, కండరాల బిగువు వల్ల మాత్రమే కూడా కాదు. వారిని నొక్కి వంచే ప్రయత్నం ఎవరూ చేయకూడదు.

సాధనకు ముందు ఐదు నియమాలు

మొదటిది: చల్లని ఒంటితో సాగదీయరాదు. ఐదు నుండి పది నిమిషాలు నడవండి. గుడి చుట్టూ చేసే ప్రదక్షిణలు దీనికి చక్కగా సరిపోతాయి.

రెండవది: ఊగరాదు. ఎగిరెగిరి అందుకోబోతే కండరం తనను తాను కాపాడుకోవడానికి బిగుసుకుంటుంది. మెల్లగా వెళ్ళి అక్కడే నిలవాలి.

మూడవది: శ్వాస బిగపట్టరాదు. ముందుకు వెళ్ళేటప్పుడు శ్వాస విడవాలి, తరువాత సహజంగా పీల్చాలి.

నాల్గవది: బిగువుకు కొలత ఉండాలి. పూర్తి నొప్పిని పదహారణాలు అనుకుంటే, ఆరణాల బిగువు వద్ద ఆగండి. ముఖం చిట్లించవలసి వస్తే అప్పటికే హద్దు దాటినట్లు.

ఐదవది: మరొకరు వీపు నొక్కరాదు. బిగువు ఎంతో తెలిసేది చేసేవారికే. ఈ నియమం నేను ఒక పిల్లవాడి కాలిని మూల్యంగా ఇచ్చి నేర్చుకున్నది.

ఆసనం స్థిరంగాను, సుఖంగాను ఉండాలని పతంజలి మహర్షి యోగసూత్రాలలో నిర్దేశించారు. నేను 'స్థిరం' అన్నది గట్టిగా పట్టుకుని 'సుఖం' అన్నదానిని వదిలివేశాను.

సాధన క్రమం

1. ఉత్తరీయంతో సాగదీత. వెల్లకిల పడుకోండి. పొడవైన కండువాను ఒక పాదం అడుగున వేసి రెండు కొనలు చేతులతో పట్టుకోండి. మోకాలిని దాదాపు చాచి కాలును పైకి ఎత్తండి. రెండవ కాలు నేలపై ఉండాలి. నడుము నొప్పి ఉన్నవారు ఆ కాలును ముడుచుకోవచ్చు. బిగువు తెలిసిన చోట 30 సెకన్లు ఆగి, నెమ్మదిగా దించండి. ఒక్కొక్క కాలికి మూడుసార్లు. ఇందులో వెన్ను నేలకు ఆని ఉంటుంది కనుక నడుముపై భారం తక్కువ. నేను అందరికీ మొదట చెప్పేది ఇదే.

2. స్తంభం ఆధారంగా. వసారాలో స్తంభం పక్కన వెల్లకిల పడుకుని, ఒక కాలి మడమను స్తంభానికి ఆనించి, రెండవ కాలును స్తంభం పక్కనుండి నేలపై చాపండి. పిరుదులు స్తంభానికి ఎంత దగ్గరగా ఉంటే బిగువు అంత ఎక్కువ. మొదట కొంత దూరంగా ఉండండి. చేతులకు పని లేదు కనుక మనసులో నామం చెప్పుకుంటూ ఉండవచ్చు.

3. కుర్చీ మీద. నేలపై పడుకుని లేవలేని పెద్దలకు ఇది తగినది. కదలని కుర్చీ అంచున కూర్చుని ఒక కాలును ముందుకు చాపి మడమను నేలకు ఆనించండి. ఛాతీ ఎత్తి ఉంచి, తుంటి వద్ద నుండి కొద్దిగా ముందుకు వంగండి. తల మోకాలి వైపు వాల్చనక్కరలేదు. బొడ్డు తొడవైపు కదిలితే చాలు. 30 సెకన్లు, మూడుసార్లు.

4. అరుగు మెట్టు మీద. మోకాలికంటే తక్కువ ఎత్తున్న మెట్టుపై ఒక మడమ పెట్టి, ఒక చేత్తో గోడనో స్తంభాన్నో పట్టుకుని, వెన్ను నిటారుగా ఉంచి తుంటి వద్ద వంగండి. నిలిచిన కాలి పాదం నేరుగా ముందుకు చూడాలి. ఎత్తైన గోడపై కాలు వేసి గొప్ప చూపించుకోవలసిన పని లేదు.

5. పశ్చిమోత్తానాసనం. స్వాత్మారాముని హఠయోగ ప్రదీపికలో పేర్కొన్న ఆసనాలలో ఇది ఒకటి. పై నాలుగింటిలో రెండు మూడు వారాలు గడిచిన తరువాతనే దీనికి రండి. మడత పెట్టిన దుప్పటి మీద కూర్చుంటే కటిభాగం ముందుకు తిరగడం సులభమవుతుంది. మోకాళ్ళు కొద్దిగా వంచండి, పాదాలకు కండువా వేసి పట్టుకోండి. ఆధారాలు వాడడం చేతకానితనం కాదు. యోగాచార్యులు బి.కె.ఎస్. అయ్యంగార్ పట్టీలు, దిమ్మెలు, కుర్చీలతో ఆసనాలు నేర్పి ఆ పద్ధతిని లోకమంతా వ్యాపింపజేశారు.

6. బిగించి వదలడం. ఇది మొదటి సాధనకు కొనసాగింపు. కాలు పైకి ఎత్తి ఉన్నప్పుడు, మడమను కిందికి దించబోతున్నట్లు కండువాను ఐదారు సెకన్లు మెల్లగా నొక్కండి, కాలు మాత్రం కదలరాదు. తరువాత పూర్తిగా వదిలి, శ్వాస విడుస్తూ మరికొంచెం దగ్గరకు తెచ్చుకుని 30 సెకన్లు నిలపండి. రెండుసార్లు చాలు.

ఎంతసేపు? ఎన్నాళ్ళు?

1994లో బాండీ, ఇరియన్ అనే పరిశోధకులు తొడ వెనుక కండరాలపై ఒక పరీక్ష చేశారు. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు సాగదీయించారు. 15 సెకన్లకంటే 30 సెకన్లు మేలని తేలింది. 60 సెకన్లు నిలిపినందువల్ల 30 సెకన్లకు మించిన ప్రయోజనం కనబడలేదు. కాబట్టి గంటలకొద్దీ బాధపడనక్కరలేదు. రోజూ పది పదిహేను నిమిషాలు, వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు నియమంగా చేయండి. తరువాత వారానికి రెండు మూడు రోజులు చేస్తే వచ్చినది నిలుస్తుంది.

మొదటి వారాలలో కనిపించే మార్పుకు ముఖ్యకారణం కండరం పొడవు పెరగడం కాదు. ఆ బిగువును ప్రమాదంగా భావించి ఆపివేసే నాడీవ్యవస్థ క్రమంగా దానిని సహించడం నేర్చుకుంటుంది. భయం తగ్గితే కాలు వంగుతుంది. నొక్కితే భయం పెరుగుతుంది. నా పాత పద్ధతి ఎందుకు పనిచేయలేదో ఇక్కడ తెలుస్తుంది.

కొలత విషయంలో ఒక మాట. కూర్చుని చేతులు చాచి అందుకునే పరీక్షను 1952లో వెల్స్, డిల్లన్ అనేవారు ప్రవేశపెట్టారు. పాఠశాలల్లో నేడూ అదే చేయిస్తారు. కాని చేతులు పొడవుగా, కాళ్ళు పొట్టిగా ఉన్నవారికి అందులో సులభంగా అందుతుంది. అందువల్ల ఒకరితో ఒకరిని పోల్చకండి. మీ చేయి ఈ నెల ఎక్కడకు అందిందో, వచ్చే నెల ఎక్కడకు అందుతుందో అదే కొలత.

సాగుదలకు తోడు బలం

కేవలం సాగే కండరం సరిపోదు. గట్టు దిగేటప్పుడు, పరుగులో కాలు ముందుకు విసిరినప్పుడు ఇవి సాగుతూనే భారం మోస్తాయి. కాబట్టి సేతుబంధాసనం కలపండి. వెల్లకిల పడుకుని మోకాళ్ళు ముడిచి, పాదాలు నేలపై ఉంచి, పిరుదులను పైకెత్తి రెండు మూడు సెకన్లు నిలిపి దించండి. పదిసార్లు, రెండు విడతలు. కొన్ని వారాల తరువాత పాదాలను కొంచెం దూరంగా పెడితే తొడ వెనుక పని పెరుగుతుంది.

జాతరకు వెళ్ళేవారికి ఒక సూచన. గట్టు ఎక్కబోయే ముందు ఎక్కువసేపు ఒకేచోట నిలిపి సాగదీయకండి. అలా చేస్తే కండరం శక్తి కొంతసేపు తగ్గవచ్చు. కొద్దిసేపు నడిచి, స్తంభం పట్టుకుని కాళ్ళను మెల్లగా ముందుకు వెనుకకు ఊపుకోండి. నిలిపి చేసే సాధన ఇంటికి వచ్చాక చేసుకోండి. అయితే మరునాటి ఒళ్ళునొప్పులను అది పోగొడుతుందని ఆశించకండి. వాటిని తగ్గించేది ముందునుండే నడక అలవాటు చేసుకోవడం.

ఎప్పుడు చేయరాదు?

తొడలో హఠాత్తుగా 'టప్'మని, నొప్పి, వాపు, కమిలిన మచ్చ కనిపిస్తే కండరం చిరిగి ఉండవచ్చు. సాగదీయకండి, గట్టిగా మర్దన చేయకండి, వేడి కాపడం పెట్టకండి. చల్లని గుడ్డ వేసి విశ్రాంతి ఇచ్చి వైద్యునికి చూపించండి. పిల్లవాడు నొప్పి అంటే నమ్మండి. పిక్క వాచి, వేడెక్కి, ఎర్రబడితే అది రక్తనాళంలో గడ్డ కావచ్చు. అప్పుడు వ్యాయామం కాదు, ఆసుపత్రి. ఎముకలు గుల్లబారినవారు, నడుము డిస్కు జారినవారు, తుంటి కీలు మార్పిడి జరిగినవారు, గర్భిణులు వైద్యుని సలహాతోనే చేయాలి. కంటిలో నీటికాసులు, అధిక రక్తపోటు ఉన్నవారు తల కిందికి వేలాడే భంగిమలు మానాలి.

వంగే విధానం

ఈ ఆరు వారాలలో గుడికి వెళ్ళడం ఆపనక్కరలేదు. పెద్దల పాదాలు తాకేటప్పుడు మోకాళ్ళు కొద్దిగా వంచండి, తుంటి వద్ద మడత పడనివ్వండి. సాష్టాంగం చేయాలనుకునేవారు నిలువునా వంగక, మొదట ఒక మోకాలు, తరువాత రెండవది నేలకు ఆనించి, చేతులు మోపి ముందుకు వాలండి. లేచేటప్పుడు అదే క్రమంలో తిరిగి రండి. అదీ సాధ్యం కానివారు నిలుచుని చేతులు జోడిస్తే స్వామికి ఏ లోటూ లేదు.

నేను ఆరు వారాలు చేశాను. చేతులు మోకాలి దిగువ నుండి చీలమండల వరకు వచ్చాయి. బొటనవ్రేళ్ళు అందలేదు. మధ్యలో పెళ్ళిళ్ళ పేరుతో రెండు నెలలు మానితే సగం వెనుకకు పోయింది. మళ్ళీ మొదలుపెట్టాను. ఇప్పుడు మోకాళ్ళు కొంచెం వంచి నేలను తాకగలను. నాకు అది చాలు.

నా పాత విద్యార్థి వారానికి ఒకసారి మా ఇంటికి వస్తాడు. ముందుగా వైద్యునికి చూపించుకున్నాడు. పాత గాయం కనుక ఆయన చెప్పిన ప్రకారం సేతుబంధంతో మొదలుపెట్టి, తరువాత కండువాతో సాగదీస్తున్నాడు. నేను పక్కన చాప మీద కూర్చుని సెకన్లు లెక్కపెడతాను. వీపు మీద చేయి వేయను. ప్రతిసారీ "ఎట్లున్నది?" అని అడుగుతాను. వాడు చెబుతాడు. మరుసటి జాతర 2027లో రావలసి ఉన్నది. ఇద్దరం కలిసి గట్టు ఎక్కాలని అనుకున్నాము.

మీ ఇంట్లోనూ వంగలేక బాధపడే పెద్దలు, ఆటలాడే పిల్లలు ఉంటారు. ఈ పుటను వారికి చదివి వినిపించండి. ఒక కండువా, ఒక చాప, పది నిమిషాల సమయం ఉంటే నేటి సాయంత్రమే మొదలుపెట్టవచ్చు.

శుభం భూయాత్.